నల్లగొండ, పాలమూరు నుంచి గోముఖ్‌కు: ఎంత మెల్లగా ఎక్కాలి, ఎక్కడ ఆగిపోవాలి

గంగోత్రి గుడి వరకు బస్సులో పోయి దర్శనం చేసుకుని వచ్చేవాళ్లకు ఈ మార్గదర్శితో పని లేదు. గుడి దాటి 18 కిలోమీటర్లు నడిచి, గంగ మొదటి పాయ అయిన భాగీరథి బయటికొచ్చే మంచుగోడ గోముఖ్‌ను చూసి, క్షేమంగా ఇల్లు చేరాలనుకునేవాళ్ల కోసం ఇది.

సలేశ్వరం జాతరకు నడిచినవాళ్లు, భువనగిరి కోట ఎక్కినవాళ్లు "మాకు నడక కొత్తా?" అంటారు. నిజమే, కాళ్లు మోసం చేయవు. కష్టమంతా ఎత్తుతోనే. దానికి మందు తొందరపడకపోవడం ఒక్కటే. కాబట్టి ఇక్కడ రాసిన రోజుల సంఖ్యను మాత్రం తగ్గించుకోకండి.

1. ముందు ఎత్తుల లెక్క

ఈ పట్టీ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎత్తులన్నీ సముద్రమట్టం నుంచి, సుమారుగా.

- నల్లగొండ 400 మీటర్లు, మహబూబ్‌నగర్ 500 మీటర్లు
- ఉత్తరకాశీ 1,150 మీటర్లు
- హర్సిల్ 2,600 మీటర్ల పైన
- గంగోత్రి 3,100 మీటర్లు (నడక ఇక్కడే మొదలు)
- చీడ్‌బాసా 3,600 మీటర్లు, గంగోత్రి నుంచి 9 కిలోమీటర్లు
- భోజ్‌బాసా 3,800 మీటర్లు, గంగోత్రి నుంచి 14 కిలోమీటర్లు
- గోముఖ్ 4,000 మీటర్ల దరిదాపు, గంగోత్రి నుంచి 18 కిలోమీటర్లు

4,000 మీటర్ల ఎత్తులో ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో దాదాపు 60 శాతమే. ఒంటికి దీన్ని అలవాటు చేసుకునే శక్తి ఉంది, కాకపోతే రోజులు పడతాయి. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటుకంటే ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదన్నది కొండ వైద్యంలో అందరూ పాటించే లెక్క.

గంగోత్రి నుంచి భోజ్‌బాసాకు ఒక్క రోజులో 700 మీటర్లు ఎక్కుతాం. అంటే లెక్క తప్పుతోంది. మధ్యలో చీడ్‌బాసాలో ఆగుదామంటే బస ఉంటుందన్న భరోసా లేదు. అందుకే గంగోత్రిలో రెండు రాత్రులు తప్పనిసరి. ఈ మార్గదర్శిలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ మాట పెట్టుకోండి.

ఇంకో సంగతి. గోముఖ్ అంటే గంగోత్రి హిమానీనదం (మెల్లగా కదిలే మంచు నది) మూతి, అంటే కింది చివర. ఈ హిమానీనదం ఏటా వెనక్కి జరుగుతోంది. 1935 నుంచి 1996 వరకు తీసిన కొలతల ప్రకారం దాని మూతి 1,147 మీటర్లు వెనక్కి పోయింది, అంటే ఏడాదికి సగటున 19 మీటర్లు. నడిచేవాళ్లకు దీంతో రెండు చిక్కులున్నాయి. పాత ఫోటోలో, పాత వీడియోలో కనిపించిన చోట ఇప్పుడు మంచు ఉండదు, దాని స్థానంలో రాళ్ల కుప్పలు ఉంటాయి. కరుగుతున్న గోడ కాబట్టి పెళ్లలు ఎప్పుడు విరిగిపడతాయో ఎవరూ చెప్పలేరు. పదేళ్ల కింద ఎవరో నిలబడి ఫోటో దిగిన చోటును వెతుక్కుంటూ పోకండి.

2. ఎప్పుడు పోవాలి

గంగోత్రి గుడి అక్షయ తృతీయకు తెరుస్తారు, దీపావళి మరునాడు మూస్తారు. గోముఖ్ దారి గంగోత్రి నేషనల్ పార్కులో ఉంది. పార్కు ఏప్రిల్ నుంచి నవంబరు వరకు తెరిచి ఉన్నా, మనకు పనికొచ్చే కాలాలు రెండే.

మే రెండో సగం నుంచి జూన్ మూడో వారం వరకు మొదటిది. వాగుల దగ్గర మంచు మిగిలి ఉండొచ్చు. మన దగ్గర 43 డిగ్రీల ఎండలో బయల్దేరినవాళ్లు భోజ్‌బాసాలో రాత్రి సున్నా డిగ్రీలకు చేరతారు, దానికి సిద్ధపడాలి.

సెప్టెంబరు మూడో వారం నుంచి అక్టోబరు మధ్య వరకు రెండోది. ఇదే మేలు. వానలు తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది, పైగా దసరా సెలవులు కలిసొస్తాయి. సద్దుల బతుకమ్మ ఇంట్లో గడవాల్సిందే అనుకునేవాళ్లు టికెట్ తీసే ముందే తేదీలు చూసుకోవాలి.

జూలై, ఆగస్టులు వద్దే వద్దు. 2025 ఆగస్టు 5న హర్సిల్ దగ్గరి ధరాలీ ఊరి మీదికి ఖీర్ గంగ వాగు బురద, బండలతో ఎలా వచ్చి పడిందో దేశమంతా చూసింది. గంగోత్రికి పోయే రోడ్డు ఆ ఊరి మీదుగానే. ఏ నెలలో పోయినా ఉత్తరకాశీలో ఆగి, ముందున్న రోడ్డు తెరిచి ఉందో లేదో అడిగాకే కదలండి.

3. కాగితాలు: రెండు వేర్వేరు అనుమతులు

మనవాళ్లలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. చార్‌ధామ్ యాత్ర నమోదు ఒకటి, గోముఖ్ అనుమతి మరొకటి. మొదటిది ఉంటే గంగోత్రి వరకే చెల్లుతుంది.

1. చార్‌ధామ్ నమోదు: ఉత్తరాఖండ్ ప్రభుత్వ వెబ్‌సైటులో గంగోత్రి ధామం తేదీతో చేసుకోవాలి. రైలు టికెట్ ఖాయమైన రోజే ఇదీ పూర్తి చేయండి.
2. గోముఖ్ అనుమతి: నేషనల్ పార్కు అధికారులు ఇస్తారు. రోజుకు 150 మందికే. ఉత్తరకాశీలో, గంగోత్రిలో కార్యాలయాలున్నాయి. ఎన్ని రోజులకు ఇచ్చారో కాగితం మీద అక్కడికక్కడే చదువుకోండి, తిరుగు రోజు కూడా అందులో ఉండాలి.

వెంట ఉండాల్సినవి:

- ఆధార్ అసలు కార్డు, మూడు జిరాక్సులు
- నమోదు కాగితం ప్రింటు (ఫోన్లో ఉన్నది సిగ్నల్ లేని చోట తెరుచుకోదు)
- రోజూ వేసుకునే మందుల చీటీ, డాక్టర్ సంతకంతో
- ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్, రక్తం గ్రూపు రాసిన చిన్న కార్డు, మెడలోనో లోపలి జేబులోనో

4. ఎనిమిది వారాల తయారీ

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. టికెట్ తీసిన రోజే నడక మొదలుపెడితే ఎనిమిది వారాలు దొరుకుతాయి.

మొదటి రెండు వారాలు: వారానికి అయిదు రోజులు, రోజుకు 5 కిలోమీటర్లు, గంట లోపు. చదును నేల చాలు.

మూడు నుంచి అయిదో వారం వరకు: గుట్ట ఎక్కడం, దిగడం. నల్లగొండవాళ్లకు లతీఫ్ సాహెబ్ గుట్ట ఉంది. పాలమూరువాళ్లకు మన్యంకొండ, కోయిల్‌కొండ కోట. దేవరకొండవాళ్లకు ఊరి కోటే ఉంది, అచ్చంపేట వైపువాళ్లకు ఉమామహేశ్వరం. వీపు మీద 4 కిలోల బరువు, వారానికి మూడుసార్లు. ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టండి. తిరుగు రోజు మోకాళ్లను పట్టేసేది దిగుడే.

ఆరు, ఏడు వారాలు: శని, ఆదివారాలు వరసగా 12 నుంచి 14 కిలోమీటర్లు, 6 కిలోల సంచితో. రెండో రోజు నడవగలిగితేనే మీరు సిద్ధమైనట్టు. ఒక్క రోజు నడిచి మరునాడు మంచం దిగలేకపోతే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడం మంచిది.

ఎనిమిదో వారం విశ్రాంతి, సాయంత్రం పూట కాసేపు మెల్లటి నడక.

బూట్లు మొదటి వారంలోనే కొనాలి, చీలమండ పైదాకా పట్టి ఉంచేవి. ఈ నడకలన్నీ ఆ బూట్లతోనే నడవండి. కొత్త బూట్లతో గంగోత్రిలో దిగినవాళ్ల కాళ్లు చీడ్‌బాసా చేరకముందే బొబ్బలెక్కుతాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు జాగా ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోరు నల్లబడుతుంది.

ఇంత సాధన చేసినా ఎత్తుకు మాత్రం మన గుట్టల మీద అలవాటు పడలేం. జిల్లాలో అందరికంటే వేగంగా గుట్ట ఎక్కే కుర్రాడికే గంగోత్రిలో ముందు తలనొప్పి రావొచ్చు. వయసు, బలం దీన్ని ఆపవు.

గుండె జబ్బు, ఉబ్బసం, అదుపులో లేని బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ సరేనంటే తప్ప బయల్దేరొద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ గురించి అప్పుడే అడగండి. మామూలుగా 125 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు రెండుసార్లు, ఎత్తుకు ఎక్కే ముందు రోజు నుంచి రాస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. అది మామూలే, నీళ్లు పెంచాలి.

5. సంచిలో ఏముండాలి

వీపు సంచి మొత్తం 7 కిలోలు దాటకూడదు. మిగతా సామాను గంగోత్రిలో దిగిన గదిలోనే వదిలేయండి.

- ఒంటికి ఆనుకునేది నూలు బనీను కాకుండా చెమట త్వరగా ఆరే బట్ట. తడిసిన నూలు ఒంటికి అంటుకుని, ఎండ పోగానే చలి పుట్టిస్తుంది
- మధ్యలో ఉన్ని స్వెటర్, పైన గాలి, వాన ఆపే కోటు
- ఉన్ని టోపీ, చేతి తొడుగులు, మూడు జతల మేజోళ్లు (ఒక జత పడుకోవడానికే)
- నల్ల కళ్లద్దాలు, ఎండ క్రీము, పెదాలకు రాసుకునేది
- లీటరు పట్టే స్టీలు సీసాలు రెండు
- తలకు కట్టుకునే టార్చి, అదనపు సెల్లులు
- చేతికర్ర ఒకటి, దిగేటప్పుడు మోకాళ్లకు ఆసరా
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరు, పారాసిటమాల్, వాంతుల బిళ్లలు, బొబ్బలకు అంటుపట్టీలు
- నగదు, చిన్న నోట్లలో. ఉత్తరకాశీ దాటాక ఏటీఎంను, ఫోన్ చెల్లింపును నమ్ముకోవద్దు

తిండికి మన పల్లీపట్టీలు, పుట్నాలు, బెల్లం, సకినాలు బాగా పనికొస్తాయి. ఎత్తులో ఆకలి చస్తుంది. అలాంటప్పుడు నోటికి తెలిసిన రుచే లోపలికి దిగుతుంది. మనిషికి రోజుకు రెండు పిడికిళ్ల పల్లీలు, రెండు పట్టీలు చాలు. ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే తీసేసి బట్ట సంచుల్లో కట్టుకోండి. తప్పనిసరైన ప్లాస్టిక్ ఎన్ని ముక్కలుందో లెక్కపెట్టి రాసుకోండి. పార్కు గేటు దగ్గర సంచులు చూస్తారు, పోయినన్ని ముక్కలూ వెనక్కి రావాలి.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు. పగలు లోపలి జేబులో, రాత్రి రగ్గులో ఒంటి పక్కన పెట్టుకోండి.

6. రోజుల క్రమం

- 1వ రోజు: హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు
- 2వ రోజు: ఢిల్లీ నుంచి హరిద్వార్ లేదా రిషీకేశ్
- 3వ రోజు: పొద్దున్నే బయల్దేరి ఉత్తరకాశీ. రాత్రిపూట కొండ రోడ్ల మీద బండ్లు తిరగనివ్వరు, కాబట్టి ఆలస్యం చేస్తే దారిలోనే చిక్కుకుంటారు
- 4వ రోజు: హర్సిల్, రాత్రి అక్కడే
- 5వ రోజు: హర్సిల్ నుంచి 25 కిలోమీటర్లు, గంగోత్రి. దర్శనం, అనుమతి కాగితం
- 6వ రోజు: గంగోత్రిలోనే. పొద్దున గోముఖ్ దారిలో రెండు గంటలు మెల్లగా పోయి వెనక్కి
- 7వ రోజు: భోజ్‌బాసా
- 8వ రోజు: గోముఖ్ చూసి భోజ్‌బాసాకు, రాత్రి అక్కడే
- 9వ రోజు: గంగోత్రికి దిగుడు
- 10 నుంచి 13వ రోజు వరకు: తిరుగు ప్రయాణం, ఒక రోజు చేతిలో

విమానంలో డెహ్రాడూన్ జాలీ గ్రాంట్‌కు పోయేవాళ్లకు దారిలో రెండు రోజులు కలిసొస్తాయి. ఆ రెండు రోజులను కొండ మీదే ఖర్చు పెట్టాలి, సెలవులో మిగుల్చుకోకూడదు. 6వ రోజు "ఊరికే కూర్చున్నాం కదా, ఇవాళే పోదాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు.

భోజ్‌బాసాలో పడుకోవడానికి గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ (ప్రభుత్వ పర్యాటక సంస్థ) బస, ఆశ్రమం ఉన్నాయి. జాగా తక్కువ కాబట్టి నిగమ్ బసను ముందే బుక్ చేసుకోండి.

7. గంగోత్రి నుంచి భోజ్‌బాసా

పొద్దున 6 గంటలకు కదలండి. మధ్యాహ్నం 2 లోపు చేరడం లక్ష్యం. ఊరు దాటిన కాసేపటికే కన్‌ఖు గేటు వస్తుంది, అనుమతి అక్కడ చూపించాలి.

వేగానికి కొలత మాటే. పక్క మనిషితో పూర్తి వాక్యం మాట్లాడుతూ నడవగలగాలి. రెండు మాటలకే ఊపిరి ఆగుతుంటే తగ్గించండి. 50 నిమిషాలు నడక, 10 నిమిషాలు ఆగడం. ఆగినప్పుడల్లా నాలుగు గుక్కల నీళ్లు తాగాలి, దాహం వేసేదాకా చూడొద్దు. రోజుకు మొత్తం 3 లీటర్లు.

వాగుల మీద దుంగలతో వేసిన వంతెనలుంటాయి. ఒక్కొక్కరే దాటాలి, సంచి నడుము బెల్టు విప్పి. జారి నీళ్లలో పడితే సంచి వదిలించుకోవచ్చు. వంతెన కొట్టుకుపోయి ఉంటే రాళ్ల మీద దాటే సాహసం చేయొద్దు. మధ్యాహ్నానికి పైన మంచు కరిగి వాగు ఉరకలేస్తుంది, పొద్దున మోకాలి లోతున్నది సాయంత్రానికి నడుము దాకా రావొచ్చు.

చీడ్‌బాసా దాకా దేవదారు, చీడ్ (పైన్) చెట్ల నీడ దొరుకుతుంది. తర్వాత చెట్లు పలచబడి అసలు పైలంగా ఉండాల్సిన చోటు వస్తుంది. దాన్ని గీలా పహాడ్ అంటారు. ఎడమ పక్క కొండంతా వదులు మట్టి, దాంట్లో గుండ్లు. గాలికి, కరుగుతున్న మంచుకు రాళ్లు దొర్లుతుంటాయి.

1. మొదట్లో ఆగి పైకి చూడండి. భరల్ అనే అడవి గొర్రెలు పైన మేస్తుంటే అవి పోయేదాకా ఆగండి, వాటి కాళ్ల కిందనుంచే రాళ్లు కదులుతాయి.
2. మనిషికి మనిషికి 15 అడుగుల ఎడం. గుంపుగా పోవద్దు.
3. పాటలు, ఇయర్‌ఫోన్లు బంద్. రాయి వచ్చే చప్పుడు ముందు చెవికే తెలుస్తుంది.
4. ఎవరైనా "పత్థర్!" అని అరిస్తే పరుగెత్తే ముందు పైకి చూసి, రాయి ఎటు వస్తుందో తెలిశాకే పక్కకు తప్పుకోండి. సంచి తలకు అడ్డం పెట్టుకోవచ్చు.
5. అక్కడ కూర్చోవద్దు, ఫోటోలొద్దు.

భోజ్‌బాసా చేరాక వెంటనే పడుకోకండి. తడి బట్టలు మార్చి, వేడిగా ఏదైనా తాగి, అరగంట అటూ ఇటూ తిరగండి.

8. గోముఖ్ దగ్గర

పొద్దున అయిదున్నర, ఆరుకు బయల్దేరాలి. రాత్రి చలికి రాళ్లు మంచుతో అతుక్కుని ఉంటాయి. ఎండ గోడ మీద పడ్డాక అతుకు వదులుతుంది. 11 గంటలకల్లా వెనక్కి తిరిగి ఉండాలి.

దారి మొదట చదునుగా ఉండి, చివర గుండ్ల కుప్పల్లో మాయమవుతుంది. ముందు పోయినవాళ్లు పేర్చిన రాళ్ల గుర్తులను పట్టుకుని పోవాలి. అక్కడ కాలు పెట్టే ముందు కర్రతో తట్టి చూడండి. బూడిద రంగు మట్టి పొర కింద గట్టి మంచు ఉంటుంది, నేలే అనుకుని అడుగేస్తే జారుతుంది.

తెల్లటి మంచుకొండను ఊహించుకుని వచ్చినవాళ్లు మొదట గుర్తుపట్టలేరు. ఎదురుగా కనిపించేది క్వారీలో తవ్వి వదిలేసిన గోడ లాంటిది, పైనంతా మట్టి, కంకర. కొత్తగా పెళ్ల విరిగిన చోట మాత్రం లోపలి నీలం బయటపడుతుంది. నిశ్శబ్దంగా నిలబడితే చిన్న రాళ్లు టపటపా రాలే చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది. కిందనుంచి నీళ్లు బూడిద కలిపిన పాలలా వస్తాయి, మంచు కింద అరిగిన రాతి పిండి వల్ల ఆ రంగు.

గోడకు కనీసం అర కిలోమీటరు దూరంలో ఆగిపోండి. అటవీ సిబ్బంది ఇంకా ముందే ఆపితే అక్కడే. "ఇంత దూరం వచ్చి ముట్టుకోకుండా పోవాలా?" అనిపిస్తుంది. ఆ రాలే చప్పుడే జవాబు. ఇంటి అంత పెళ్ల విరిగితే దాని ముక్కలు, అది లేపిన నీళ్లు ఎంతదూరం వస్తాయో నిలబడి చూసే వ్యవధి ఉండదు.

నది ఒడ్డు రాళ్ల మీద పొద్దున సన్నటి గాజు లాంటి పొర ఉంటుంది. నీళ్లు పట్టుకోవాలంటే చీలమండ లోతు కూడా దిగకుండా, కూర్చుని, వెనక ఒకరు పట్టుకోగా చెంబు ముంచండి.

తపోవనం ఇంకా పైన, హిమానీనదం దాటి పోవాలి. మొదటిసారి వచ్చినవాళ్లు దాని జోలికి పోవద్దు.

9. ఎత్తు జబ్బు: ఎప్పుడు వెనక్కి తిరగాలి

తలనొప్పితో పాటు వాంతి, తల తిరగడం, విపరీతమైన నీరసం, తిండి సహించకపోవడంలో ఏ ఒక్కటున్నా అది ఎత్తు జబ్బే అనుకోండి. గ్యాస్ అని, బస్సు పడలేదని సర్దిచెప్పుకోవద్దు.

- తక్కువగా ఉంటే: ఆ ఎత్తులోనే ఆగి విశ్రాంతి, నీళ్లు, పారాసిటమాల్. పూర్తిగా తగ్గితేనే పైకి
- తగ్గకపోతే, పెరిగితే: కిందికి. భోజ్‌బాసా నుంచి గంగోత్రి, అక్కడా తగ్గకపోతే హర్సిల్
- కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగ కళ్లె; లేదా మాట తడబడటం, గీత మీద ఒక కాలి మడమను ఇంకో కాలి వేళ్లకు ఆనించి నడవమంటే తూలడం: ప్రాణం మీదికి వచ్చినట్టే. రాత్రయినా మోసుకునైనా దించాలి. బసవాళ్లను లేపండి, అటవీ సిబ్బందికి చెప్పండి. సిగ్నల్ దొరికిన చోట అత్యవసర నంబర్ 112కు ఫోన్ చేయండి

దుకాణంలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలే వస్తుంది. దించేదాకా ఆసరాకు తప్ప, అది ఉంది కదా అని పైన ఉండిపోవడానికి కాదు.

జబ్బుపడ్డ మనిషిని ఒంటరిగా కిందికి పంపకండి. హిందీ కొద్దిగా వచ్చినా చాలు, మన దక్కనీ అక్కడివాళ్లకు అర్థమవుతుంది: "సర్ మే దర్ద్ హై, సాంస్ ఫూల్ రహీ హై, నీచే జానా హై."

10. మనవాళ్లు తరచూ చేసే పొరపాట్లు

ఒక్కపొద్దు ఉండి నడవడం. ఏకాదశి అనో, మొక్కు అనో పస్తుంటే నీరసమేదో ఎత్తు జబ్బేదో తేల్చలేం. ఉపవాసం గంగోత్రి చేరకముందో, దిగివచ్చాకో ఉండండి. నడిచే మూడు రోజులూ మూడు పూటలు తినాలి.

చెప్పుల్లేకుండా నడుస్తాననడం. గుట్ట మెట్ల మీద కుదిరేది ఇక్కడ కుదరదు. మంచు తగిలి మొద్దుబారిన పాదానికి దెబ్బ తగిలినా తెలియదు.

గోముఖ్‌లో మునక. స్నానం గంగోత్రి ఘాట్‌లోనే, గొలుసు పట్టుకుని. పైన నీళ్లలో నిమిషం లోపే కాళ్లు స్పర్శ కోల్పోతాయి.

గంగనీళ్లకు ప్లాస్టిక్ డబ్బాలు మోయడం. ఊరందరికీ పంచాలని అయిదు లీటర్లు పైనుంచి మోస్తే అయిదు కిలోలు మోకాళ్ల మీద పడతాయి. చిన్న రాగి చెంబు పైనుంచి, మిగతాది గంగోత్రి ఘాట్ నుంచి.

గుంపులో బలవంతుడి వేగంతో నడవడం. అందరికంటే మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి, మిగతావాళ్లు వెనక. అమ్మో, పెద్దనాన్నో వెనకబడి, చెప్పడానికి మొహమాటపడి, ఆయాసాన్ని దాచుకుంటూ నడవడం ఈ ఒక్క మార్పుతో ఆగిపోతుంది.

11. దిగేటప్పుడు

9వ రోజు దిగుడు 14 కిలోమీటర్లు. బూట్ల లేసులు పైభాగంలో బిగించండి, వేళ్లు ముందుకు తోసుకుపోవు. అడుగులు చిన్నగా, మోకాలు కొంచెం వంచి. గీలా పహాడ్ పొద్దున 9 లోపు దాటేయాలి.

గేటు దగ్గర ప్లాస్టిక్ ముక్కల లెక్క సరిచూసుకోండి. ఆ రోజే ఉత్తరకాశీకి బండి ఎక్కకుండా గంగోత్రిలో వేడి అన్నం తిని పడుకోండి. మరునాడు పొద్దున సిగ్నల్ దొరకగానే ముందు ఇంటికి ఒక ఫోన్, ఆ తర్వాతే ఫోటోలు పంపడం.